గుర్తింపు - గుట్టు

ఒక మనిషి తాను ఫలానా అని చెప్పుకోవటం, ఎదుటివారు ఆ మాటను నమ్మటం లోకంలో ఎంతో కాలంగా జరుగుతున్న వ్యవహారం. ఊళ్లు చిన్నవిగా ఉన్న రోజులలో దీనికి పెద్ద ప్రయత్నం అక్కరలేదు. ఫలానా వారి అబ్బాయి, ఫలానా వీధిలోని వారి కోడలు అంటే చాలు, ఊరంతటికీ తెలిసేది. అంగడివాడు అరువు ఇవ్వాలన్నా, కరణం దస్తావేజు వ్రాయాలన్నా ముఖపరిచయమే సాక్ష్యం. ఊళ్లు నగరాలై, బ్యాంకులు, రేషను దుకాణాలు, పరీక్షల సంస్థలు, సెల్ ఫోను కంపెనీలు వచ్చిన తరువాత ఆ ముఖపరిచయం చాలకుండా పోయింది. ఎక్కడో దూరనగరంలో ఉన్న కంప్యూటరుకు మనమెవరమో తెలియదు. దానికి మనం ఋజువు చూపాలి. ఆ ఋజువు ఎంత గట్టిగా ఉండాలి? దాని కోసం మన సొంత వివరాలు ఎంతవరకు ఇతరుల చేతిలో పెట్టాలి? నేటి చదువుకున్న ప్రతివారూ ఆలోచించవలసిన ప్రశ్నలివి.

ఋజువు అడగటం కొత్త విషయం కాదు. మన కథలలోనే అది ఉన్నది. రావణుడు సన్యాసి వేషంలో వచ్చి సీతను ఎత్తుకుపోయాడు. వేషాన్ని చూసి నమ్మినందుకు కలిగిన ఫలితమది. అందుచేతనే అశోకవనంలో హనుమంతుడు ఎదురుపడినప్పుడు ఆమె వెంటనే నమ్మలేదు. ఇది కూడా రాక్షసమాయ కావచ్చునని శంకించింది. హనుమంతుడు రాముని రూపలక్షణాలను వర్ణించి, రాముడు పంపిన ఉంగరాన్ని చూపిన తరువాతనే ఆమెకు ధైర్యం కలిగింది. తిరిగి వెళ్లేటప్పుడు ఆమె కూడా తన చూడామణిని గుర్తుగా ఇచ్చి పంపింది. మోసం ఉన్న లోకంలో గుర్తు అడగటం మర్యాదకు లోపం కాదని ఈ కథ చెబుతున్నది.

మరొక ఉంగరం కథ కూడా మనకు తెలుసు. కాళిదాసు నాటకంలో దుష్యంతుడు ఇచ్చిన ఉంగరాన్ని శకుంతల నీటిలో పోగొట్టుకున్నది. దుర్వాసుని శాపంవల్ల రాజు ఆమెను మరచిపోయాడు. నిండు సభలో ఆమె ఎంత చెప్పినా లాభం లేకపోయింది. శకుంతల చెప్పిన మాటలో అబద్ధం లేదు. ఆమె చేతిలో గుర్తు లేదు, అంతే. గుర్తు పోయినంత మాత్రాన ఆమెకు రావలసిన హక్కు పోయింది. చేప కడుపులో ఉంగరం దొరికిన జాలరిని భటులు దొంగ అని పట్టుకున్నారు కూడా. గుర్తు మీదనే సర్వం ఆధారపడితే నిజమైనవారు కూడా నష్టపోతారని ఈ రెండవ కథవల్ల తెలుస్తున్నది.

ఈ రెండు కథలలోనూ లేని మూడవ చిక్కు మన కాలంలో వచ్చిపడింది. హనుమంతుడు చూపిన ఉంగరానికి నకలు తీసి సీత దాచుకోలేదు. పని అయిపోయింది, గుర్తు ప్రయోజనం తీరింది. నేడు మనం చూపే గుర్తుకు నకలు మిగిలిపోతుంది. అది ఎవరి బీరువాలో, ఎవరి కంప్యూటరులో, ఎన్నేళ్లు ఉంటుందో మనకు తెలియదు. కాబట్టి గుర్తింపు విషయంలో మూడు న్యాయాలు పాటించాలని నా అభిప్రాయం. పనికి ఎంత అవసరమో అంతే అడగాలి. అడిగిన పనికే వాడాలి. గుర్తు సరిపడనివారికి మరొక దారి ఉంచాలి. ఈ మూడూ ఉన్నప్పుడు గట్టి గుర్తింపు, మనిషి గుట్టు రెండూ నిలుస్తాయి.

మన దేశంలో ఈ చర్చ ముఖ్యంగా ఆధార్ చుట్టూ సాగింది. దీనికోసం కేంద్ర ప్రభుత్వం 2009 జనవరిలో ఒక ప్రత్యేక ప్రాధికార సంస్థను ఏర్పాటు చేసింది. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభ్లీ గ్రామంలో మొదటి ఆధార్ సంఖ్యలు ఇచ్చారు. ఇది 12 అంకెల సంఖ్య. నమోదు సమయంలో పేరు, చిరునామా, పుట్టిన తేదీ వంటి వివరాలతోపాటు పది వేళ్ల ముద్రలు, రెండు కనుపాపల చిత్రాలు, ముఖం ఫోటో తీసుకుంటారు. ఐదేళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు, కనుపాపలు తీసుకోరు. వారికి ఐదేళ్లు నిండిన తరువాత ఒకసారి, పదిహేనేళ్లు నిండిన తరువాత మరొకసారి ఇవి నమోదు చేయించాలి. ఎదిగే పిల్లల శరీరంలో మార్పులు వస్తాయి గదా!

ఆధార్ వంటి గట్టి గుర్తింపు ఎందుకు కావలసివచ్చిందో న్యాయంగా చెప్పుకోవాలి. లేని మనుషుల పేరిట రేషను కార్డులు, ఒకరికి రావలసిన పింఛను మరొకరు తీసుకోవటం, ఒకరి బదులు మరొకరు పరీక్ష వ్రాయటం మన దేశంలో తెలియనివి కావు. వీటివల్ల నష్టపోయేది పేదవాడే. మరొక సంగతి కూడా ఉన్నది. సొంత ఇల్లు, భూమి పట్టా, చదువు సర్టిఫికెటు ఏవీ లేని కూలివానికి తాను ఫలానా అని చూపుకోవటానికి ఒకప్పుడు ఏ కాగితమూ ఉండేది కాదు. పని వెతుక్కుంటూ ఊరు విడిచి వెళ్లినవారి పరిస్థితి మరీ కష్టం. అటువంటివారికి దేశమంతటా చెల్లే ఒక గుర్తింపు దొరకటం చిన్న మేలు కాదు.

ఈ ఏర్పాటులో ఒక మంచి గుణం ఉన్నది. దానిని సరిగా వాడుకుంటే వ్యక్తి గుట్టుకు భంగం కలగదు. మనం సంఖ్య చెప్పి యంత్రం మీద వేలు పెట్టినప్పుడు, ఆ వేలిముద్ర మన పేర నమోదైన ముద్రతో సరిపోయిందా లేదా అని ప్రాధికార సంస్థ కంప్యూటరు పోల్చిచూస్తుంది. అవును లేదా కాదు అని జవాబు పంపుతుంది. అడిగినవారికి మన వేలిముద్ర అందదు. 2016లో పార్లమెంటు చేసిన ఆధార్ చట్టం ప్రకారం నమోదైన వేలిముద్రలను, కనుపాప చిత్రాలను ఏ కారణం చేతనైనా ఎవరికీ ఇవ్వరాదు. ఆధార్ సంఖ్య ఉన్నంత మాత్రాన పౌరసత్వం ఋజువైనట్లు కాదని కూడా ఆ చట్టమే చెబుతున్నది.

అయితే చట్టంలో ఉన్న పద్ధతి వేరు, బజారులో నడిచే పద్ధతి వేరు. యంత్రంతో సరిచూసి అవునో కాదో తెలుసుకోవటం మాని, జిరాక్స్ కాగితం తెమ్మని అడగటం అందరికీ అలవాటైపోయింది. లాడ్జిలో గది తీసుకున్నా, గ్యాసు కనెక్షను పెట్టించుకున్నా, కోచింగు సెంటరులో చేరినా ఒక నకలు ఇవ్వాలి. ఆ నకలును నిజంగా సరిచూసేవారు అరుదు. ఎవరో ఒకరి కాగితం ఫైలులో ఉంటే చాలునని తీసిపెట్టుకుంటారు. ఇది గట్టి గుర్తింపూ కాదు, గుట్టును కాపాడేదీ కాదు. రెండు విధాలా నష్టమే. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగుళూరు ప్రాంతీయ కార్యాలయం నకళ్లను ఎవరికిపడితే వారికి ఇవ్వవద్దని ఒక హెచ్చరిక చేసింది. జనం దానిని తప్పుగా అర్థం చేసుకోవచ్చునని రెండు రోజులకే కేంద్రం ఆ ప్రకటనను ఉపసంహరించింది. ప్రకటన పోయినా, అది లేవదీసిన ప్రశ్న మాత్రం మిగిలే ఉన్నది.

నకళ్లవల్ల ఏమి ప్రమాదం అని కొందరు అడుగుతారు. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో బయటపడిన ఉదంతమే దీనికి జవాబు. ఆస్తుల రిజిస్ట్రేషను దస్తావేజుల మీద క్రయవిక్రయాలు చేసినవారి వేలిముద్రలు ఉంటాయి. ఆ దస్తావేజుల నకళ్లు అప్పట్లో ప్రభుత్వ వెబ్‌సైటులో చూడటానికి దొరికేవి. సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి వాటిలోని వేలిముద్రలను తీసుకుని, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో కృత్రిమ ముద్రలు తయారుచేశాడు. వాటిని యంత్రం మీద ఉంచి, ఆ మనుషులకు తెలియకుండానే వారి పేరిట పెద్ద సంఖ్యలో సిమ్ కార్డులు తెరిపించాడు. అమ్మకాల లక్ష్యం పూర్తిచేయటానికే అతడు ఈ పని చేసినట్లు పోలీసుల దర్యాప్తులో తేలింది.

ఈ ఉదంతంలో ఆలోచించవలసిన విషయమొకటి ఉన్నది. ఆధార్ కేంద్రంలోని సమాచారాన్ని ఎవరూ దొంగిలించలేదు. తాళం వేసిన గది భద్రంగానే ఉన్నది. తాళం చెవి అచ్చు మాత్రం మరొక కార్యాలయం గోడకు వ్రేలాడుతున్నది! ఒకచోట కాపలా ఎంత గట్టిగా ఉన్నా, అదే వివరం మరొకచోట బహిరంగంగా పడివుంటే ప్రయోజనం లేదు. అంకెలతో చేసిన రహస్య సంకేతం బయటపడితే మార్చుకోవచ్చు. ఇంటి తాళం పోతే కొత్త తాళం కొనుక్కోవచ్చు. వేలిముద్ర బయటపడితే కొత్త వేలు తెచ్చుకోలేము. కాబట్టి శరీరానికి సంబంధించిన గుర్తులను అడిగేవారు, దాచేవారు మిగిలిన వివరాలకంటే ఎక్కువ జాగ్రత్త పాటించాలి.

వ్యక్తి గుట్టు అనేది కేవలం జాగ్రత్తకు సంబంధించిన విషయమా, లేక అది ఒక హక్కా? ఈ ప్రశ్న మన సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి పదవీ విరమణ చేసిన కె.ఎస్. పుట్టస్వామి, ఎనభై ఏళ్లు దాటిన వయసులో 2012లో ఆధార్ మీద పిటిషను వేశారు. గుట్టు అనేది రాజ్యాంగంలో హామీ ఉన్న హక్కు కాదని 1954, 1962 నాటి తీర్పులను చూపి ప్రభుత్వం వాదించింది. దీనిని తేల్చటానికి తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం కూర్చున్నది. 2017 ఆగస్టు 24న ఆ తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా, వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. జీవించే హక్కును, స్వేచ్ఛను కాపాడే రాజ్యాంగం 21వ అధికరణంలో అది ఇమిడి ఉన్నదని నిర్ణయించారు. పుట్టస్వామి 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆయన పేరు మాత్రం ఆ తీర్పుతోపాటు నిలిచిపోయింది.

హక్కు అన్నంత మాత్రాన దానికి హద్దు లేదని కాదు. ప్రభుత్వం ఆ హక్కులోనికి ప్రవేశించాలంటే కొన్ని షరతులు ఉన్నాయి. మొదట దానికి ఒక చట్టం ఉండాలి. రెండవది, న్యాయమైన ప్రయోజనం ఉండాలి. మూడవది, ప్రయోజనానికి తగినంతగానే జోక్యం ఉండాలి. ఎలుకను పట్టటానికి ఇల్లు తవ్వరాదు గదా! ఈ కొలతతోనే 2018 సెప్టెంబరు 26న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆధార్ చట్టాన్ని పరిశీలించింది. నలుగురు న్యాయమూర్తులు చట్టాన్ని సమర్థించారు. ఒకరు విభేదించారు. ప్రభుత్వ సంక్షేమ పథకాలకు, ఆదాయపు పన్ను వ్యవహారాలకు ఆధార్ అడగవచ్చునన్నారు. బ్యాంకు ఖాతాలకు, సిమ్ కార్డులకు తప్పనిసరిగా జతచేయాలనటం చెల్లదన్నారు. ఎవరు ఎప్పుడు గుర్తింపు సరిచూపించుకున్నారో ఆ లెక్కలను ఐదేళ్లు దాచుకోవటం తగదని, ఆరు నెలలు చాలునని చెప్పారు.

ఆ తీర్పులో బడిపిల్లలకు సంబంధించిన మాటలు ప్రత్యేకంగా ఉన్నాయి. ఆరు నుంచి పద్నాలుగేళ్లవరకు చదువు పిల్లల హక్కు. కనుక బడిలో చేర్చుకోవటానికి ఆధార్ తప్పనిసరి అనరాదు. పిల్లల నమోదుకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ఆధార్ చూపలేకపోయినందుకు ఏ పిల్లవానికీ ఏ పథకం ప్రయోజనమూ నిరాకరించరాదు. పద్దెనిమిదేళ్లు వచ్చిన తరువాత ఇష్టం లేకపోతే ఆధార్ నుంచి వైదొలగే అవకాశం ఇవ్వాలి. ఇటీవల అనేక పాఠశాలలలో విద్యార్థుల మార్కులు, సర్టిఫికెట్లు ఒకచోట ఉంచటానికి ‘అపార్’ అనే 12 అంకెల సంఖ్య ఇస్తున్నారు. దానికీ తల్లిదండ్రుల సమ్మతి పత్రం తీసుకోవాలి. సమ్మతి అంటే సంతకం మాత్రమే కాదు. ఏ వివరాలు, ఎందుకు, ఎక్కడ దాస్తారో తెలిసి పెట్టిన సంతకమే సమ్మతి. అటువంటి పత్రం ఇంటికి తెచ్చినప్పుడు అందులోని ప్రతి వాక్యమూ పెద్దలకు చదివి వినిపించటం విద్యార్థుల బాధ్యత.

తప్పు చేయనివారికి దాచుకోవలసినదేమున్నది అని కొందరు వాదిస్తారు. ఈ వాదం పైకి సబబుగా కనిపిస్తుంది. కాని మనం రాత్రి తలుపు వేసుకునేది లోపల తప్పు చేయటానికా? ఒకరికి ఉన్న జబ్బు, ఒక ఇంటివారి అప్పు, చదువుకునే అమ్మాయి ఉండే చిరునామా, ఆమె ఫోను నంబరు, ఇవేవీ తప్పులు కావు. అయినా పదిమందికీ తెలిస్తే కీడు కలగవచ్చు. ఇంటిగుట్టు లంకకు చేటు అని మనవారు ఊరకే అనలేదు. లోపలి విషయం తెలిసినవారు బయటకు చెప్పటంవల్ల అంతటి లంకకే ముప్పు వచ్చింది. సామాన్యుని ఇల్లు ఎంతటిది? ఏది చెప్పాలో, ఎవరికి చెప్పాలో నిర్ణయించుకునే అధికారం చెప్పే మనిషికి ఉండాలి.

దీనికి ఎదురుగా, అసలు గుర్తింపే అడగరాదు అనేవారు కూడా ఉన్నారు. వారి మాట కూడా పూర్తిగా ఒప్పుకోదగినది కాదు. ఎవరైనా ఎవరి పేరుతోనైనా ఖాతా తెరవగలిగితే దొంగలకు పండుగే. ముసలివారి పింఛను డబ్బు పోతుంది. ఒకరి ఫోటో పెట్టుకుని మరొకరు మాట్లాడి పిల్లలను మోసగించవచ్చు. గుర్తింపు సరిగా లేనిచోట ముందుగా బయటపడేది మన గుట్టే. బ్యాంకువారు ఎదుట ఉన్నది మనమేనని గట్టిగా తెలుసుకోకపోతే, మన ఖాతా వివరాలు మరొకరికి చెప్పేస్తారు. కాబట్టి గుర్తింపు, గుట్టు ఒకదానికొకటి శత్రువులని అనుకోవటం పొరపాటు. తలుపుకు గడియ ఎంత అవసరమో, వచ్చినదెవరో చూసి గడియ తీయటమూ అంతే అవసరం.

ఈ రెండింటికీ పొందిక కుదర్చటానికి మన పార్లమెంటు 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. ఆ సంవత్సరం ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదించారు. 2025 నవంబరులో దాని నిబంధనలు ప్రకటించారు. కొన్ని వెంటనే, కొన్ని ఒక ఏడాదికి, ప్రధానమైన బాధ్యతలు పద్దెనిమిది నెలలకు అమలులోకి వచ్చేటట్లు గడువు పెట్టారు. సమ్మతి తీసుకున్నా, చెప్పిన పనికి అవసరమైన వివరాలకే ఆ సమ్మతి వర్తిస్తుందని ఈ చట్టం చెబుతున్నది. దీనికి చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు. ఫోనులో వైద్య సలహా ఇచ్చే సంస్థ ఒకటి రోగి ఫోనులో ఉన్న ఇతరుల నంబర్ల జాబితాను కూడా అడుగుతుంది. రోగి సరేనంటాడు. అయినా వైద్యానికి ఆ జాబితా అవసరం లేదు కాబట్టి ఆ సమ్మతి దానికి చెల్లదు. ఇచ్చిన సమ్మతిని, ఇచ్చినంత సులభంగానే వెనక్కు తీసుకోవచ్చు. సమాచారాన్ని భద్రంగా కాపాడని సంస్థకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానా వేయవచ్చు.

ఈ చట్టంలో మనబోటి వారు తప్పక తెలుసుకోవలసిన నియమం మరొకటి ఉన్నది. సమ్మతి కోరే పత్రాన్ని ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోగాని చదువుకునే వీలు కల్పించాలి. ఆ షెడ్యూలులోని 22 భాషలలో తెలుగు ఒకటి. ఈ నియమానికి రాష్ట్రాల సరిహద్దులతో పనిలేదు. హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా, యానాంలో ఉన్నా తెలుగువారు ఆ పత్రాన్ని తెలుగులో చూపమని అడగవచ్చు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. తెలియని భాషలో ఉన్న కాగితం మీద వేసిన వేలిముద్ర సమ్మతి అనిపించుకోదు. తెలుగు చదవటం వచ్చిన మనుమడో మనుమరాలో ఇంట్లో ఉంటే, ఈ హక్కు ఆ ఇంటిలో ప్రాణం పోసుకుంటుంది. మాతృభాష చదువు ఎందుకు అనేవారికి ఇది ఒక మంచి సమాధానం.

సరిహద్దులలో నివసించే తెలుగువారికి గుర్తింపు విషయంలో మరొక చిక్కు ఉన్నది. అది పేర్ల చిక్కు. మనం ఇంటిపేరు ముందు వ్రాస్తాము. మహారాష్ట్రలో తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు ఈ వరుసలో వ్రాయటం వాడుక. తమిళనాడులో తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందు పెట్టుకుంటారు. ఒకే విద్యార్థి పేరు ముందు ఒక కాగితంలో ఇంటిపేరు పొడి అక్షరం, మరొక కాగితంలో తండ్రి పేరు పొడి అక్షరం కనిపిస్తాయి. లిపులవల్ల కూడా మార్పులు వస్తాయి. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. గంగమ్మ పేరు తమిళంనుంచి ఇంగ్లీషులోనికి వెళ్లేసరికి కంగమ్మ కావచ్చు. ఒడియాలో వ కారానికి బ కారం వ్రాయటం ఎక్కువ. వరలక్ష్మి అక్కడ బరలక్ష్మి అవుతుంది. చదివే మనిషికి ఇవి రెండూ ఒకటేనని తెలుస్తుంది. అక్షరం అక్షరం పోల్చే కంప్యూటరుకు మాత్రం అవి ఇద్దరు మనుషుల పేర్లు.

ఇక్కడే శకుంతల కథ మళ్లీ గుర్తుకు వస్తున్నది. మనిషి నిజం, గుర్తు సరిపడలేదు. ఉపకార వేతనం ఆగిపోతుంది. పరీక్ష హాలు టికెట్టు రాదు. ఇటువంటి సందర్భంలో గుట్టు చట్టంలోని మరొక భాగం ఆసరాగా నిలుస్తుంది. తన వివరాలు ఎవరి దగ్గర ఏమున్నాయో తెలుసుకునే హక్కు, తప్పులుంటే దిద్దించుకునే హక్కు, పని తీరిన తరువాత తీసివేయమనే హక్కు, వినకపోతే ఫిర్యాదు చేసుకునే హక్కు అది ఇస్తున్నది. గుట్టు అంటే దాచుకోవటమని మాత్రమే అనుకుంటాము. మన గురించి లోకం వ్రాసుకున్నది సరిగా ఉండాలని కోరటమూ అందులో భాగమే. అందుచేత విద్యార్థులు పదవ తరగతి సర్టిఫికెటు చేతికి రాకముందే, బడి రికార్డులోను ఆధార్‌లోను తమ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఒకే విధంగా ఉన్నాయా అని సరిచూసుకోవటం మంచిది.

పేరు సరిపోయినా వేలు సరిపోనివారున్నారు. మట్టిపని, రాతిపని, బట్టలు ఉతికే పని చేసేవారి చేతిరేఖలు అరిగిపోతాయి. షోలాపూరు, భివండి మొదలైనచోట్ల మగ్గాల మీద తరతరాలుగా పనిచేస్తున్న మన తెలుగు కుటుంబాలున్నాయి. ఆ ఇళ్లలోని వృద్ధులకు ఈ కష్టం తప్పదు. ఒళ్లు వంచి పనిచేసిన చేతినే యంత్రం గుర్తించకపోవటం ఎంత విచారకరం! అటువంటప్పుడు నువ్వు నువ్వు కాదు పొమ్మనటం న్యాయం కాదు. కనుపాపతోగాని, ఫోనుకు వచ్చే ఓ.టి.పి. తోగాని, తెలిసిన అధికారి సాక్ష్యంతోగాని పని జరిపించాలి. యంత్రం కాదన్నదని మనిషి పస్తుండరాదు. గుర్తింపు ఏర్పాటు మంచిచెడ్డలు అది ఎంతమంది దొంగలను పట్టుకున్నదనే లెక్కతోనే తేలవు. ఎంతమంది నిజమైనవారిని వెనక్కు పంపిందో కూడా లెక్కించాలి.

కొత్త చట్టంలోనూ లోపాలు లేకపోలేదు. దేశభద్రత వంటి కారణాలు చూపి, తన సంస్థలకు ఈ నియమాలనుంచి మినహాయింపు ఇచ్చుకునే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉన్నది. వ్యాపార సంస్థల చేతిలో కంటే ప్రభుత్వం చేతిలోనే మన వివరాలు ఎక్కువగా ఉన్నాయి. ఆ చేతికి కూడా లెక్క అడిగే పద్ధతి ఉండాలనే విమర్శలో న్యాయం ఉన్నది. పిల్లల విషయంలో మరొక చిక్కు కనిపిస్తుంది. పద్దెనిమిదేళ్లలోపు వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి సరిచూసి తీసుకోవాలి. పిల్లల వెంటపడి వారి అలవాట్లను గమనించటం, వారిని గురిపెట్టి ప్రకటనలు చూపటం నిషేధం. ఇది మంచి నియమమే. కాని ఎవరు పిల్లలో తెలియాలంటే అందరి వయసూ అడగాలి. పిల్లలను కాపాడే పేరుతో పెద్దల వివరాలన్నీ పోగుచేసే ప్రమాదమున్నది. పద్దెనిమిదేళ్లు నిండినవా అన్న ప్రశ్నకు అవును, కాదు అన్న జవాబు చాలు. పుట్టిన తేదీ, చిరునామా, ఫోటో అక్కరలేదు. గట్టి గుర్తింపుకు ఎక్కువ వివరాలు కావాలనే భ్రమను మొదట వదలుకోవాలి.

మరొక ముఖ్య విషయం చెప్పవలసి ఉన్నది. గుర్తింపు ఒకవైపే నడవరాదు. సీత హనుమంతుని గుర్తు అడిగింది. మనల్ని వివరాలు అడిగేవారిని మనమూ అడగాలి. పోలీసులమని, బ్యాంకువారమని ఫోను చేసి, మీ మీద కేసు ఉన్నదని, డిజిటల్ అరెస్టు చేశామని బెదిరించి డబ్బు లాగే మోసాలు ఈ మధ్య పెరిగాయి. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ఆ మోసగాళ్లు మన పేరు, ఆధార్ అంకెలు చదివి వినిపించి నమ్మిస్తారు. ఎక్కడో మనం ఇచ్చిన నకలే వారికి ఆయుధం. తమ గుర్తింపు చూపనివారికి మన గుర్తింపు ఇవ్వనక్కరలేదు. ఇంటికి వచ్చిన ఉద్యోగిని కార్డు చూపమనటం అవిధేయత కాదు, పౌర ధర్మం.

విద్యార్థులు నిత్యజీవితంలో పాటించదగిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఆధార్ నకలు ఇవ్వవలసివస్తే మొదటి ఎనిమిది అంకెలు కనబడకుండా, చివరి నాలుగు మాత్రమే కనిపించే ప్రతిని ఆధార్ సంస్థ వెబ్‌సైటునుంచి తీసుకోవచ్చు. అసలు సంఖ్యకు బదులు తాత్కాలికంగా వాడుకునే 16 అంకెల సంఖ్యను కూడా 2018నుంచి ఇస్తున్నారు. దానినిబట్టి అసలు సంఖ్య తెలియదు. వేలిముద్రల వినియోగానికి తాళం వేసుకునే సదుపాయమూ ఉన్నది. కాగితపు నకలు మీద ఏ పనికి, ఏ తేదీన ఇచ్చామో అడ్డంగా వ్రాసి సంతకం చేయాలి. జిరాక్స్ దుకాణంలో పాడైన ప్రతులను వదలి రాకూడదు. ఓ.టి.పి. ఎవరికీ చెప్పకూడదు. మరొకరి పేరుతో ఖాతా తెరవటం, తప్పుడు వయసు చెప్పటం మనమూ చేయరాదు. ఇతరుల పేరు పెట్టుకుని వ్యవహరించినవారికి 2023 చట్టం పదివేల రూపాయలవరకు జరిమానా విధిస్తుంది. హక్కు కోరేవారికి బాధ్యత కూడా ఉండాలి.

కార్యాలయాలకూ, పాఠశాలలకూ ఒక విన్నపం. ఒక దరఖాస్తు తయారుచేసేటప్పుడు ప్రతి గడి దగ్గరా ఆగి, ఇది లేకపోతే పని ఆగుతుందా అని ప్రశ్నించుకోవాలి. ఆగదనుకుంటే ఆ గడి తీసివేయాలి. నోటీసు బోర్డు మీద ఉపకార వేతనాల జాబితా పెట్టేటప్పుడు పేరు, తరగతి చాలు. బ్యాంకు ఖాతా, ఆధార్, కులం, ఫోను నంబరు అందరి కంటా పడవలసిన పనిలేదు. పని తీరిన కాగితాలను పకోడీల పొట్లాలకు పోనీయక చింపి పారవేయాలి. ఇవి ఖర్చుతో కూడిన సంస్కరణలు కావు. కొద్దిపాటి శ్రద్ధ చాలు.

కొత్త ఊరిలో, పరాయి భాష నడిచే కార్యాలయంలో నిలబడి, నేను ఫలానా అని చెప్పుకోవలసిన అవసరం మన పెద్దలకు తరతరాలుగా వచ్చింది. తమ పేరును, భాషను వారు నిలుపుకున్నారు. ఇకముందు ఆ అవసరం మరింత ఎక్కువగా మనకు వస్తుంది. అప్పుడు తలవంచుకుని అడిగినవన్నీ ఇచ్చి రావటమూ తగదు, ఏమీ చూపనని మొండికెత్తటమూ తగదు. ఇది దేనికి, ఎంతవరకు, ఎంతకాలం అనే మూడు ప్రశ్నలను మర్యాదగా, తెలుగులోనైనా సరే, అడగగలగాలి. జవాబు సరిగా ఉంటే గుర్తు చూపాలి. లేకుంటే కాగితం మడిచి జేబులో పెట్టుకోవాలి.